యుగంధరుడు: ఒక మాట వెనుకటి చరిత్ర

ఉపాయశాలియై ముందుచూపుతో కార్యము నడపువానిని తెలుగువారు యుగంధరుడందురు. జిత్తులమారి, టక్కరి అను మాటలు తెలివిని చెప్పును గాని గౌరవమును చెప్పవు. యుగంధర శబ్దమున రెండును కలవు. ఈ గౌరవ మెక్కడిది?

యుగమనగా కాడి. రథమున కాడిని పట్టి నిలుపు నొగకు యుగంధరమని పేరు. అమరకోశము దానిని కూబరమునకు పర్యాయముగా చెప్పినది. అనగా ధాత్వర్థమున నున్నది తెలివి కాదు, బరువు. తెలివి దానికి కథవలన చేరినది.

వత్సరాజగు ఉదయనుని మంత్రి యౌగంధరాయణుడు. కృత్రిమ గజమును చూపి ఉజ్జయినీపతి ఉదయనుని బంధింపగా, ఈ మంత్రి పిచ్చివాని వేషమున ఆ నగరము చొచ్చి రాజును విడిపించెను. భాసుని ప్రతిజ్ఞాయౌగంధరాయణమునను, కథాసరిత్సాగరమునను ఈ కథ కలదు.

తెలుగునాట ఆ పేరును, ఆ వేషమును కాకతీయ ప్రతాపరుద్రుని మంత్రికి సంక్రమించినవి. వేదము వేంకటరాయశాస్త్రిగారి ప్రతాపరుద్రీయ నాటకము 1897లో వెలువడినది. అందు యుగంధరుడు ఢిల్లీలో పిచ్చివాడై తిరిగి, రాజును విడిపించుటయే కాక సుల్తానునే పట్టి తెచ్చును. గణపతిశాస్త్రిగారు భాసుని ఈ నాటకమును తిరువనంతపురమున ప్రకటించినది 1912లో. కావున ఈ పోలికకు మూలమును ముద్రిత భాసమున వెదకరాదు. బృహత్కథా సంప్రదాయముననే వెదకవలెను.

చరిత్ర ఇంత దయ చూపలేదు. 1323లో ఓరుగల్లు పడినది. బందీగా కొనిపోబడుచున్న ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున మరణించెనని ప్రోలయనాయకుని విలస శాసనము చెప్పుచున్నది. ఆయన స్వేచ్ఛచేతనే దివికేగెనని 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనము పలుకుచున్నది. రాజు ఢిల్లీ చేరనే లేదు; ఆయనను విడిపించి తెచ్చినవాడును లేడు.

శాసనము ఓటమిని ఒప్పుకొన్నది, కథ ఒప్పుకొనలేదు. ఈ మాటకు గల గౌరవమునకు కారణ మిదియే యని నా అభిప్రాయము. చాణక్యుడు ఒక వంశమును కూల్చి మరియొక దానిని నిలిపినవాడు. యుగంధరుడు పోయినదానిని తిరిగి తెచ్చువాడు. మొదటివానిని చూచి లోకము వెరచును. రెండవవాని కొరకు ఎదురుచూచును. కొమ్మూరి సాంబశివరావుగారు తమ నవలలలోని డిటెక్టివునకు యుగంధర్ అని పేరిడుటయు ఊరక జరిగినది కాదు; చిక్కు విడదీయువాడని చదువరి ఆ పేరుతోనే నమ్మును.

నేడు పత్రికలు వ్యూహకర్త అను మాటను విరివిగా వాడుచున్నవి. వ్యూహమునకు గెలుపుతోనే పని. అది ఎవరి పక్షమున నున్నను వ్యూహమే. అనువాదము చేయునప్పుడు ఈ రెండు మాటలలో దేనిని గ్రహింపవలెనను సందేహము నాకు పలుమారు కలిగినది. అప్పుడు నేను వేసికొను ప్రశ్న ఒక్కటియే: ఈ ఉపాయశాలి మెడపై ఎవరి కాడి యున్నది? ఇతరుల బరువు మోయనివాడు ఎంత తెలివిగలవాడైనను యుగంధరుడు కాడు.