ఆల్కోలకి రెండో జన్మ

విశాఖపట్నం డీజిల్ లోకో షెడ్ వజ్రోత్సవ సంచికకి గోదావరి జిల్లాల వాళ్ల తరఫున నాలుగు ముక్కలు రాయమన్నారు. సామర్లకోట, నిడదవోలు, కొవ్వూరు నుంచి వచ్చి ఆ షెడ్‌లో నూనె పూసుకున్న కుటుంబాలు తక్కువేం కాదు మరి.

1965లో షెడ్ పెట్టారు. బైలడీలా ఇనుప ఖనిజం కొత్తవలస-కిరండూల్ లైను మీదుగా రేవుకి దిగాలి, ఆ లైను ఎక్కే ఘాట్‌లో 997 మీటర్ల ఎత్తున శిమిలిగూడ స్టేషన్ ఉంది. ఆ బరువు ఆల్కో రకం డీజిల్ ఇంజిన్ల మీద పడింది. తర్వాతి ఏళ్లన్నీ వాటి మరమ్మతు షెడ్యూళ్లతోనే గడిచాయి.

నాకు పని నేర్పిన ఫోర్‌మన్ గారు ఆవిరి ఇంజిన్ల కాలం మనిషి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, పదహారు సిలిండర్లలో ఏది నసుగుతోందో చెప్పేసేవారు. "ముందు వినరా, తర్వాత విప్పు" అనేవారు. కంప్యూటర్ ప్యానెళ్లు వచ్చాక కూడా ఆ మాటే నిలిచింది.

2,600 హార్స్‌పవర్ పాత ఇంజిన్లు పటియాలా కార్ఖానాకి వెళ్లి 3,100 అయి తిరిగొచ్చేవి. డీసీ జనరేటర్ పోయి ఆల్టర్నేటర్ వచ్చింది, దాంతో జనరేటర్ కమ్యుటేటర్ మీద మెరుపులు తప్పాయి, కార్బన్ బ్రష్‌ల మసి తగ్గింది. వాక్యూమ్ బ్రేకు స్థానంలో ఎయిర్ బ్రేకు, రిలేల బదులు మైక్రోప్రాసెసర్. పాత ఛాసిస్‌కే కొత్త ప్రాణం!

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడింది. ఊరంతా చీకటి. తాగే నీళ్లకే కటకట. ఓవర్‌హెడ్ తీగ తెగిన చోట బండి లాగగలిగేది డీజిల్ ఇంజినే. ఇళ్ల పైకప్పులు ఎగిరిపోయినవాళ్లు కూడా డ్యూటీకొచ్చారు. ఆ ఫిట్టర్లకి, వెల్డర్లకి, ఎలక్ట్రీషియన్లకి, క్రేన్ డ్రైవర్లకి, స్టోర్స్ వాళ్లకి, క్యాంటీన్ వాళ్లకి, ఖలాసీలకి పేరుపేరునా నమస్కారం.

మనసులో మాట ఒకటుంది. లైన్లన్నిటికీ కరెంటొచ్చాక, బాగుచేసిన ఇంజిన్లు కూడా ఆయుష్షు మిగిలుండగానే తుక్కుకి పోయాయి. 2018లో వారణాసిలో రెండు డీజిళ్లని కలిపి 10,000 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ ఇంజిన్ చేశారు. ఆ భాగ్యం మావాటికి దక్కలేదు. కరెంటు వద్దనను, డీజిల్ ఖర్చు నాకూ తెలుసు. కానీ కోతకి పంపేముందు ఒక్క పవర్ ప్యాక్‌నైనా (ఇంజిన్, ఆల్టర్నేటర్ జత) కాకినాడ పాలిటెక్నిక్ పిల్లలు విప్పి నేర్చుకోవడానికి ఇమ్మని ఒక పై ఆఫీసుకి అర్జీ పెట్టుకున్నాం. జవాబు రాలేదు. ఈ సంచిక చదివే పెద్దలెవరైనా ఆ ఫైలు కదిలించగలిగితే, లారీ కిరాయి మేమే పెట్టుకుంటాం.