మనుషుల్ని కాల్చకూడదని గ్రహాంతరజీవుల్ని తెచ్చారు

ఈ వారం చరిత్ర మీద ఏదైనా మాట్లాడమన్నారు. నాకు బాగా తెలిసిన చరిత్ర రాజులదీ రాజ్యాలదీ కాదండి. సైన్స్ ఫిక్షన్ సినిమాలదీ, యుద్ధం వీడియో గేములదీను. నవ్వకండి. అందులో ఒక పెద్ద ముక్క మన షామ్‌బర్గ్‌కి కూతవేటు దూరంలోనే జరిగింది.

ఓహేర్ విమానాశ్రయం దక్షిణపు వైపు ఫ్రాంక్లిన్ పార్క్ ఉంది కదా. 1970లలో మిడ్‌వే అనే కంపెనీ అక్కడే ఉండేది. 1975లో వాళ్ళు గన్ ఫైట్ అనే ఆట విడుదల చేశారు. ఇద్దరు కౌబాయ్‌లు ఎదురెదురుగా నిలబడి కాల్చుకోవడమే ఆట. దాని జపాన్ మూలం టైటో కంపెనీలో టోమోహిరో నిషికాడో తయారుచేసింది. అందులో అంతా తీగలూ సర్క్యూట్లే. మిడ్‌వే వాళ్ళు దాన్ని ఇంటెల్ 8080 మైక్రోప్రాసెసర్‌తో మళ్ళీ కట్టారు. అంటే ఆటని ప్రోగ్రాముగా రాశారు (మాలాంటి వాళ్ళ కూడూ గుడ్డా అలాంటి చోట్లనుంచే వచ్చాయనుకోండి). అది చూసి నిషికాడో తరవాత చేసిన ఒక ఆటకి అదే చిప్పు పెట్టుకున్నాడు. ఆ ఆటే 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్. దాన్ని అమెరికాలో విడుదల చేసింది కూడా మిడ్‌వేనే.

అసలు విషయం ఇక్కడుంది. నిషికాడో మొదట విమానాలూ, ట్యాంకులూ పెట్టి చూశాడట. కదలిక సరిగ్గా కుదరలేదు. మనుషుల్ని పెడితే బాగా కుదిరింది. కానీ మనుషుల్ని కాల్చే ఆట మంచిది కాదని వద్దనుకున్నారు. అప్పుడాయన హెచ్.జి. వెల్స్ రాసిన వార్ ఆఫ్ ది వరల్డ్స్‌లోని ఆక్టోపస్ లాంటి జీవుల్ని గుర్తుచేసుకుని, వాటిని వరస కట్టించాడు. గ్రహాంతరజీవులు ఆ ఆటలోకి అలా వచ్చారు. ఆకాశం మీద మోజుతో కాదు, మనుషుల మీద మర్యాదతో.

అదే వెల్స్ రాసిన టైమ్ మెషీన్ మన సింగీతం శ్రీనివాసరావు గారి చేతిలో 1991లో 'ఆదిత్య 369' అయింది. మాయాబజార్‌కి కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన మనిషి ఆయన. ప్రియదర్శిని పెట్టె తెరిస్తే మనసుకి నచ్చినవాళ్ళు కనిపిస్తారని 1957లోనే జనాన్ని నమ్మించిన బడి అది. ఆదిత్య అనగానే అందరూ కృష్ణదేవరాయల సభ గురించే మాట్లాడతారు. అభిమానిగా నా ఓటు మాత్రం 2504వ సంవత్సరానికే. మూడో ప్రపంచయుద్ధం అయిపోయింది, పైనంతా రేడియేషను, మనుషులు భూమి అడుగున బతుకుతున్నారు. ఆ యుద్ధంలో ఎవరు గెలిచారన్నదాని మీద సినిమాకి ఆసక్తి లేదు. మిగిలిందేమిటో చూపించి ఊరుకుంది. సరిగ్గా ఆ ఏడాది మొదట్లోనే గల్ఫ్ యుద్ధం టీవీల్లో వచ్చింది. బాంబుకి తగిలించిన కెమెరాలోంచి చూస్తుంటే భవనం దగ్గరకొస్తుంది, తెర తెల్లబడుతుంది. వీడియో గేమ్ యుద్ధమని పేరు పెట్టేశారు. అంతకు ముందు ఏడాదే కువైట్ నుంచి లక్షన్నరకు పైగా భారతీయులు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. ఆ ఇళ్ళల్లో ఎవరూ దాన్ని ఆట అనుండరు.

నేను పుట్టి పెరిగింది విశాఖపట్నంలో. కాబట్టి ఇంకో ముచ్చట చెప్పాలి. 1976లో మిడ్‌వే సీ వుల్ఫ్ అనే ఆట తెచ్చింది. యంత్రానికి నిజం పెరిస్కోపులాంటిది ఉంటుంది, అందులోకి తొంగిచూస్తూ ఓడల మీదకి టార్పెడోలు వదలాలి. ఓడ పేలిన చోట అంకె కనిపిస్తుంది, అంతే. అంతకు ఐదేళ్ళ ముందు, 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ, మా ఊరి సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. దాదాపు తొంభైమంది పోయారు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మన నౌకాదళం అంటుంది, లోపలి పేలుడో సొంత మందుపాతరో అని వాళ్ళంటారు. 2017లో వచ్చిన ఘాజీ సినిమాలో మన జలాంతర్గామి దాన్ని వేటాడి ముంచుతుంది. అది కథ కోసం కల్పించింది. సినిమా నాకు నచ్చింది, ఇరుకూ చెమటా బాగా పట్టుకుంది. కానీ అవతలి జలాంతర్గామిలో ఉన్నవాళ్ళని నిషికాడో ఆక్టోపస్‌లలాగే చేసిపెట్టింది.

2002 నుంచి బీచి రోడ్డులో కుర్సురా జలాంతర్గామి మ్యూజియంగా ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళండి. ఒకరి మీద ఒకరు పడుకునే ఆ బెర్తుల మధ్య నడిస్తే ఓడ అంటే అంకె కాదని తెలుస్తుంది.

అదే 2002, జులై 4న అమెరికా సైన్యం తానే ఒక గేము విడుదల చేసింది, సైన్యంలో చేరమని కుర్రాళ్ళని ఆకర్షించడానికి. పేరు అమెరికాస్ ఆర్మీ. అందులో ఒక చిత్రం ఉంది. రెండు జట్లుగా ఆడుతున్నా, ప్రతివాడికీ తన జట్టు అమెరికా సైనికుల్లాగా, అవతలి జట్టు శత్రువుల్లాగా కనిపిస్తుంది. శత్రువు వేషం వేయడానికి ఎవడూ ఒప్పుకోనక్కర్లేదు! 2022లో దాన్ని మూసేశారు గానీ, యుద్ధం గురించి అంతకన్నా నిజం చెప్పిన ప్రోగ్రాము నేను చూడలేదు. 2007 నాటి కాల్ ఆఫ్ డ్యూటీలో విమానంలోంచి తెల్లటి చుక్కల్లాంటి మనుషుల్ని కాల్చే ఘట్టం ఉంది. చూడ్డానికి అచ్చం 1991 టీవీలాగే ఉంటుంది. ఆడుతుంటే కడుపులో తిప్పుతుంది. అందుకే నాకది మంచి ఘట్టమనిపిస్తుంది.

మన ఇల్లినాయ్‌లో 2005లో హింసాత్మక గేములు పిల్లలకి అమ్మకూడదని చట్టం చేశారు. అది అమల్లోకి రాకముందే డిసెంబరులో షికాగో ఫెడరల్ కోర్టు కొట్టేసింది. 2011లో కాలిఫోర్నియా చట్టానికి సుప్రీం కోర్టులోనూ అదే గతి పట్టింది, 7-2 తేడాతో. అంటే ఆ పని మళ్ళీ మన ఇళ్ళకే వచ్చింది. మా ఇంట్లో ఉన్న పద్ధతి ఒకటే. మా అబ్బాయికి పదకొండేళ్ళు. ఏ యుద్ధం గేము అడిగినా, అది ఏ ఊళ్ళో జరుగుతోందో మ్యాపులో చూపించి, అక్కడ ఇప్పుడు ఎవరుంటున్నారో నాకు చెప్పాకే ఆడాలి. మొన్న 2024 నాటి కల్కి సినిమా మళ్ళీ చూస్తూ, "నాన్నా, ఈ రైడర్లందరికీ మాస్కులెందుకు?" అని అడిగాడు. స్టార్ వార్స్‌లో తెల్ల తొడుగుల సైనికులకి ఎందుకున్నాయో అందుకేనన్నాను. "అయితే మాస్కు తీస్తే కాల్చలేరా?" అన్నాడు. వాళ్ళమ్మ భోజనానికి పిలిచింది, ఇంకా దాని మీదే వాదించుకుంటున్నాం.