గడి లేని ఇంటిపేరు

ఇవాళ మనోళ్లు ఫారిన్‌లో దిగగానే చేసే మొదటి పని సిమ్ కార్డు తీసుకుని ఇంటికి వీడియో కాల్ చేయడం. మరి 1860లో?

ఆ ఏడాది అక్టోబర్‌లో మద్రాసులో బయల్దేరిన ‘ట్రూరో’ ఓడ నవంబర్ 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో 342 మంది. చెరకు తోటల్లో పని కోసం ఒప్పందం మీద వెళ్లినవాళ్లు. పిల్లాపాపలతో వెళ్లిన కుటుంబాలూ ఉన్నాయి.

దిగగానే ఇంకా కట్టడం పూర్తికాని బ్యారక్‌లలో ఉంచారు. మనిషికో నంబర్ ఇచ్చారు. ఆ తర్వాత తోటల యజమానులకు పంచేశారు. ఏ తోటకి వెళ్లాలో తేల్చేది వీళ్లు కాదు. జీతం మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, దానితోపాటు తిండి బియ్యం.

1911 వరకు ఇలా నటాల్‌కి 1,52,184 మంది వెళ్లారు. అందులో మన తెలుగువాళ్లు చాలామంది. ఓడ రిజిస్టర్లలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద గుర్తులు రాశారు. ఇంటిపేరుకి మాత్రం గడి లేదు! అందుకే అక్కడ చాలామందికి ‘నాయుడు’, ‘రెడ్డి’ అన్నవే ఇంటిపేర్లుగా మిగిలాయి. ఊరి పేరేమో గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో పడింది. ఇవాళ వాళ్ల మునిమనవలు సొంతూరు వెతకాలంటే ఆ ఒక్క లైనే ఆధారం.

మీ తాతమ్మ ఊరు మీకు తెలుసా? ఇవాళే అడిగి ఫోన్‌లో రాసి పెట్టుకోండి.