సెలవులూ, జ్ఞాపికలూ, శ్రమా

యాత్రకో విహారానికో పోయినవాళ్ళు వట్టి చేతులతో తిరిగి రారు. కాశీనుంచి గంగచెంబు, కొండపల్లినుంచి అంబారీ ఏనుగు, హైదరాబాదునుంచి లక్కగాజులు, ఆగ్రానుంచి అరచేతిలో ఇమిడే తాజమహలు తెచ్చుకుంటారు. తరవాత అవి మధ్యతరగతి ఇంట్లో అద్దాల బీరువా ఎక్కి కూర్చుంటాయి. ఇంత చిన్న విషయానికి ఒక వ్యాసమా అని పాఠకులు అడగవచ్చు. సమాజచరిత్రను రాజుల శాసనాల్లోనే కాదు, ఇంటి బీరువాల్లోకూడా చదవవచ్చునని నా నమ్మకం.

ఈ జ్ఞాపికల విషయమై మనలో రెండు అభిప్రాయాలున్నాయి. ఇవి మూసలో పోసిన సరుకులనీ, వీటిలో కళ లేదనీ కళాభిజ్ఞులు అంటారు. ఇవి మధ్యతరగతి డాబుకు గుర్తులనీ, డబ్బు దండగనీ కొందరు అభ్యుదయవాదులు అంటారు. మొదటివారు కొనేవాణ్ణి చూసి నవ్వుతారు. రెండవవారు కొనేవాణ్ణి చూసి కోప్పడతారు. ఇద్దరి చూపూ కొనేవాడి మీదనే. చేసినవాడు ఇద్దరికీ కనపడడు. నేను వివాదానికి దిగేది ఇక్కడే.

ముందు పాతకాలపు సంగతి చూద్దాం. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను మాసాలు దాటిన ఆ ప్రయాణం గురించి ఆయన రాసినదే 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అని జనం అనుకునే రోజులవి. అందుకే తిరిగివచ్చినవాడు గంగపూజ చేసి, సమారాధన జరిపి, తెచ్చిన తీర్థాన్ని నలుగురికీ పంచేవాడు. ఇరుగుపొరుగు పిల్లల చేతులకు కాశీదారాలు కట్టేవాడు. అప్పటి జ్ఞాపిక బీరువాలో దాచుకునేది కాదు, పంచుకునేది. నదిలో నీటికి వెల లేదు. అంత దూరంనుంచి మోసుకురావటంవల్లనే దానికి విలువ వచ్చింది.

అలాగని పాతకాలాన్ని నెత్తికెత్తుకోవలసిన పని లేదు. మోసినది ఎవరు? వీరాస్వామయ్య ప్రయాణం పల్లకిలో సాగింది. పల్లకిని బోయీలు మోశారు. బరువు బోయీలది, పుణ్యం పల్లకిలో కూర్చున్నవారిది. తీర్థం పంపకానికికూడా కులం గీసిన హద్దులు వుండేవి. జ్ఞాపిక వెనక వున్న శ్రమను మరిచిపోవటం పెట్టుబడిదారీ యుగం కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. ఆ యుగం దానికి అంగడిని కల్పించింది, అంతే.

ఆ అంగడికి దారి వేసినది రైలు. 1853లో బొంబాయినుంచి ఠాణాకు, 1856లో మద్రాసు రాయపురంనుంచి ఆర్కాటు వైపుకు రైళ్ళు నడిచాయి. నెలల ప్రయాణం క్రమంగా రోజుల్లోకి వచ్చింది. గుమాస్తాలూ బడిపంతుళ్ళూకూడా దూరయాత్రలకు పోగలిగారు. యాత్రికుల సంఖ్య పెరిగినకొద్దీ గుడి వీధుల్లోనూ స్టేషను దారుల్లోనూ దుకాణాలు పెరిగాయి. నాలుగు రోజుల్లో తిరిగిపోయేవాడు గుర్తును వెతుక్కోలేడు, తయారుగా వున్నదాన్ని కొనుక్కుంటాడు. ఆ విధంగా గుర్తు సరుకయింది.

రైలు వుంటే చాలదు, సెలవు కావాలి. సెలవును యజమానుల దయ అనుకునేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. చరిత్ర అలా చెప్పదు. ఫ్రాన్సులో 1936 మే, జూన్ మాసాల్లో లక్షలాది కార్మికులు సమ్మె చేసి, ఫాక్టరీల్లోనే బైఠాయించారు. ఆ వత్తిడి మీదనే పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం ఏడాదికి రెండువారాల జీతంతోకూడిన సెలవును చట్టం చేసింది. ఆ ఎండాకాలంలో ఎందరో కార్మికులు మొదటిసారి సముద్రాన్ని చూశారు. మన దేశంలో 1948 ఫాక్టరీల చట్టం, ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున మరుసటి ఏడు సవేతన సెలవు ఇచ్చింది. కనక విహారం ధనికుల విలాసమని కొట్టిపారెయ్యటం, పోరాడి తెచ్చుకున్న హక్కును మనమే చిన్నబుచ్చటం అవుతుంది. 1936లో సముద్రం చూసిన కార్మికుడు పిల్లలకోసం ఒక గవ్వల పెట్టె కొనుక్కుపోతే దాన్ని డాబు అనటానికి నాకు నోరు రాదు.

అయితే సరుకుకు దాని మాయ దానికి వుంది. మార్క్సు 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి అధ్యాయంలోనే దీన్ని విప్పిచెప్పాడు. మనుషుల మధ్య వుండే సంబంధం సరుకులో వస్తువుల మధ్య సంబంధంగా కనపడుతుంది. జ్ఞాపికలో ఈ మాయ రెట్టింపు. అది శ్రమను దాచటంతో ఆగదు, దాని చోట ‘ప్రాచీన సంప్రదాయం’ అనే ముద్ర వేస్తుంది. బొమ్మలో బొమ్మ దాగే రష్యన్ మత్ర్యోష్కా ఇందుకు మంచి వుదాహరణ. అనాదిగా వున్నదనిపించే ఆ బొమ్మ పుట్టింది 1890 తరవాత, మాస్కోలోని ఒక బొమ్మల కర్మశాలలో. 1900 పారిస్ ప్రదర్శనలో అది లోకం కంట పడింది. దాన్ని రూపొందించిన కళాకారుడూ, తరిణె పట్టిన పనివాడూ పేర్లున్న మనుషులే. కాని కొనేవాడికి ‘రష్యా ఆత్మ’ కనపడినంతగా ఆ మనుషులు కనపడరు.

ఇక మన కొండపల్లికి వద్దాం. ఒక దసరా సెలవుల్లో విద్యార్థులను వెంటబెట్టుకుని విజయవాడ పక్కనే వున్న ఆ వూరికి వెళ్ళాను. అక్కడ చూసిన పనిని వరసగా చెబుతాను. ఆ చుట్టుపక్కల కొండల్లో దొరికే తెల్లపొణికి అనే తేలిక కర్రను ఆరబెట్టి, సన్నని సెగన కాచి తడి తీస్తారు. మొండెం ఒక ముక్క, చేతులు వేరే ముక్కలు. వాటిని చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. ఆకురాయి పట్టి నునుపుచేసి, సున్నం పూసి, అది ఆరాక రంగులు వేస్తారు. రంగుల పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళది. మేకపిల్ల తోక వెంట్రుకల కుంచె పట్టి, ఒక స్త్రీ చీరె అంచంత సన్నని గీత గీస్తూంటే మా పిల్లలు మాట మరిచి చూశారు.

ఆ బొమ్మలేమిటో గమనించండి. దశావతారాలూ అంబారీ ఏనుగూ వుంటాయి, నిజమే. వాటి పక్కనే తాడెక్కే గీతకార్మికుడూ, రోట్లో దంచే స్త్రీ, బండి తోలే రైతూ వుంటారు. బొమ్మ చేసేవాడు తన చుట్టూ వున్న కష్టజీవులను కర్రలోకి తెచ్చాడు. వాళ్ళు మన బీరువాల్లో చేరేసరికి ‘పల్లె అందం’ అవుతారు. చెమట ఆరిపోతుంది, రంగు మిగులుతుంది.

నన్ను కుదిపిన సంగతి మరొకటుంది. 1948 చట్టం కరెంటు వాడేచోట పదిమంది, వాడనిచోట ఇరవైమంది పనివాళ్ళున్న కర్మాగారాలకే వర్తించింది. ఇంటి అరుగు మీద భార్యాభర్తలు చేసే పని దాని లెక్కలోకి రాలేదు. బొమ్మ చేస్తే డబ్బు, చెయ్యకపోతే లేదు. మన సెలవుకు గుర్తుగా నిలిచే వస్తువును జీతంతో సెలవు ఎరగని మనిషి చేశాడన్నమాట! దసరా, సంక్రాంతి మనకు విశ్రాంతి. బొమ్మల కొలువులున్న ఆ రోజులే అతనికి పని వత్తిడి. దానికి తోడు తెల్లపొణికి కర్ర దొరకటం కష్టమవుతున్నది. యంత్రం మీద పోతపోసిన చవక బొమ్మలతో పోటీ వుండనే వుంది. 1999లో వచ్చిన భౌగోళిక గుర్తింపు చట్టం కింద కొండపల్లి బొమ్మ పేరుకు రక్షణ దొరికింది, సంతోషమే. కాని పేరుకు దొరికిన రక్షణ చేతికి దొరకలేదు. కొండపల్లి అన్న మాటను మరొకరు వాడకుండా చట్టం ఆపగలదు. చేసినవాడికి గిట్టుబాటు ధర అది ఇప్పించదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. జ్ఞాపిక అర్థమేమిటి? కొన్నవాడికి అది తన సెలవు జ్ఞాపకం. ఆ సెలవు వెనక పోరాడిన కార్మికుల చరిత్ర వుంది. ఆ వస్తువులో చేసినవాడి దినాలున్నాయి. ఈ మూడింటిలో మొదటిదాన్ని మాత్రమే గుర్తుంచుకుంటే జ్ఞాపిక మరపుకే సాధనమవుతుంది. మూడింటినీ గుర్తుంచుకుంటే అది చరిత్రపాఠం అవుతుంది.

కనక బొమ్మలు కొనవద్దని నేను అనను. కొనటం మానేస్తే మొదట ఆరేది బొమ్మ చేసేవాడి పొయ్యే. బేరమాడకుండా కొనటం మంచి పని, కాని దయతో సమస్య తీరదు. పనివాళ్ళు నడుపుకునే సహకార సంఘాలూ, అడవిలో పొణికి మొక్కల పెంపకమూ, ఇంటిపనివారికి సెలవూ పింఛనూ వర్తించే చట్టాలూ కావాలి. ఉపాధ్యాయులు పిల్లలను విహారానికి తీసుకుపోయినప్పుడు కోటతోపాటు ఆ అరుగులుకూడా చూపించాలి. చేసినవాడి పేరేమిటి, ఈ బొమ్మకు ఎన్నాళ్ళు పట్టింది, నీకెంత ముట్టింది అని పిల్లలు అడగటం నేర్చుకోవాలి. చేసినవాడుకూడా పిల్లలతో రైలెక్కి, ఏదో వూరినుంచి ఒక గుర్తు కొని తెచ్చుకోగలిగిననాడు మన బీరువాలోని బొమ్మకు పూర్తి విలువ కట్టినట్టు.