తెవికీ సహాయ పుటలు, కృష్ణా డెల్టా గ్రామ వ్యాసాలు: ఒక పరిశీలన

తెలుగు విజ్ఞాన సర్వస్వాల చరిత్రలో వ్యాసాలను గురించి జరిగినంత చర్చ, వాటి రచనకు ఏర్పరచుకొన్న నియమాలను గురించి జరగలేదు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో ఆరంభమైన తెలుగు వికీపీడియా విషయంలో ఈ లోటు మరింత స్పష్టం. వేతనం లేని, ముఖపరిచయం లేని వ్యక్తులు ఒకే వ్యాసాన్ని కలిసి రాసేచోట సంపాదకుని స్థానంలో నిలిచేవి సహాయ పుటలు, శైలి నియమాలే. అందువల్ల వాటిని కూడా పరిశీలించవలసిన పాఠాలుగానే గ్రహించాలి.

నాటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించిన కొమర్రాజు లక్ష్మణరావు చేపట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం, 1923లో ఆయన మరణంతో మూడు సంపుటాల వద్ద నిలిచిపోయింది. అదే జిల్లా ఎలకుర్రుకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావు 1930లలో దానిని మళ్ళీ చేపట్టినా ఆ కృషి సంపూర్ణం కాలేదు. ధనాభావం వంటి కారణాలు ఎన్ని ఉన్నా, రచనా పద్ధతి అధిక భాగం సంపాదకుని వ్యక్తిత్వంలోనే ఉండిపోవడం కూడా ఒక కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. తెవికీ సముదాయం తన పురస్కారానికి కొమర్రాజు పేరు పెట్టుకొన్నది. దశాబ్ది ఉత్సవాలను 2014 ఫిబ్రవరిలో విజయవాడలోని కె.బి.ఎన్. కళాశాలలో జరుపుకొన్నది. వారసత్వాన్ని స్వీకరించింది కాని, ఏక సంపాదకత్వాన్ని స్వీకరించలేదు.

ఆ స్థానంలో వచ్చిన నియమాల పరిభాష ఆసక్తికరమైనది. సభ్యులు సమావేశమై చర్చించే పుట ‘రచ్చబండ’. పదేపదే వాడుకొనే అచ్చు ‘మూస’. రెండూ పల్లె జీవితం నుంచి, చేతివృత్తుల నుంచి వచ్చినవే. చిన్న వ్యాసానికి ఆంగ్లంలో వాడే మాటకు నరికిన మోడు అని అర్థం. తెలుగువారు దానిని ‘మొలక’ అన్నారు. అనువాదకుడు మూలాన్ని విడిచి ఉద్దేశాన్ని పట్టుకొన్న సందర్భమిది.

ఈ నియమాలకు అసలు పరీక్ష గ్రామ వ్యాసాలలో ఎదురైంది. 2011 జనగణన పట్టికల ఆధారంగా వేలాది గ్రామాలకు సమాచారం చేరింది. ఆ పట్టికలు బడి, ఆసుపత్రి వంటి సౌకర్యాల దూరాన్ని 5 కిలోమీటర్ల లోపు, 5 నుంచి 10, 10కి పైగా అనే మూడు తరగతులలో మాత్రమే చెబుతాయి. ఆ తరగతులే వాక్యాలుగా మారడంతో కాలువకు అటున్న ఊరూ ఇటున్న ఊరూ ఒకే పోలికతో కనిపిస్తాయి. అంతకన్నా చిక్కైనది ఊరి పేరు. రోమను లిపిలో ‘డ’, ‘ద’లకు భేదం లేదు. కలంకారీకి ప్రసిద్ధమైన పెడన ఆ లిపి నుంచి తిరిగి తెలుగులోకి వచ్చేటప్పుడు ‘పెదన’ అయినా యంత్రానికి అభ్యంతరం ఉండదు. స్థానికుడే దిద్దాలి. దిద్దే విధానం ఎక్కడుందో అతనికి తెలియకపోతే తప్పు పేరే ఆధారమై ఇతర గ్రంథాలకు పాకుతుంది. స్థలనామ పరిశోధకులకు ఇది చిన్న సమస్య కాదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగింది. విజయవాడ, పెనుగంచిప్రోలు ఎన్టీఆర్ జిల్లాలో, కైకలూరు ఏలూరు జిల్లాలో చేరాయి. జిల్లా మారిన గ్రామాల వ్యాసాలలో మొదటి వాక్యం మారవలసి వచ్చింది. 2011 అంకెలు మాత్రం పాత కృష్ణా జిల్లావే. ఏది మార్చాలి, ఏది మార్చరాదు అన్న నిర్ణయం చర్చలో జరిగి చర్చలోనే ఉండిపోతే, తరువాత వచ్చిన ఔత్సాహికుడు రెంటినీ కలిపి దిద్దుతాడు. వికీలో పాత కూర్పులన్నీ భద్రంగానే ఉంటాయి. కాని వాటిని తవ్వి నియమాన్ని ఊహించుకొనే ఓపిక కొత్తవారికి ఉండదు, ఉండాలని కోరడమూ న్యాయం కాదు.

కనుక రచ్చబండలో తేలిన నిర్ణయాన్ని, కారణంతో, తేదీతో, ఒక ఉదాహరణతో మార్గదర్శక పుటకు చేర్చడం అవసరం. ఆ ఉదాహరణగా లక్ష్మణరావు జన్మస్థలాన్నే తీసుకోవచ్చు: ‘నాటి కృష్ణా జిల్లా, నేటి ఎన్టీఆర్ జిల్లా పెనుగంచిప్రోలు’.