మళ్లీ చదువుకోవడం వెనకడుగు కాదు: నర్సింగ్ వైపు చూస్తున్న మన అక్కచెల్లెళ్ల కోసం కొంచెం చరిత్ర

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో, ఎల్బీ నగర్ అద్దె గదుల్లో ఉంటున్న మనవాళ్ల దగ్గర ఈమధ్య ఒకే ప్రశ్న ఎక్కువగా వింటున్నాం. ఇంటర్‌తో చదువు ఆగిపోయి పెళ్లయిన అక్కలు, ఏఎన్ఎం చేసి ప్రైవేటు ఆసుపత్రుల్లో తక్కువ జీతానికి డ్యూటీలు చేస్తున్న చెల్లెళ్లు, డిగ్రీ అయ్యాక గ్రూప్స్ కోచింగ్‌లోనే ఏళ్లు గడిచిపోయినవాళ్లు, అందరూ అడిగేది ఇదే: "ఇప్పుడు మళ్లీ నర్సింగ్‌లో చేరాలా? ఈ వయసులో పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చోవాలా? తండాలో నవ్వరా?" ఫీజు ఎంతో చెప్పే బోర్డులు మెయిన్ రోడ్డు పొడుగునా ఉన్నాయి. ఇలా తిరిగొచ్చి చదివినవాళ్లు మన నేలమీద ఇంతకుముందు ఉన్నారా అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఉన్నారు. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాం.

ముందు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్లిలోంచి బయటికొచ్చారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. జైలు నుంచి వచ్చాకే వదిలేసిన చదువు మళ్లీ పట్టుకున్నారు. బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష ప్రైవేటుగా రాశారు, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివారు, ఆ తర్వాత మద్రాసులో లా పూర్తిచేశారు. రాజ్యాంగ సభలో కూర్చున్న ఆమె మెట్రిక్ పాసయ్యేటప్పటికి చిన్నపిల్లేం కాదు. ఆమె 1937లో మద్రాసులో పెట్టిన ఆంధ్ర మహిళా సభ కూడా ఆడవాళ్లను అదే మెట్రిక్ పరీక్షకు తయారుచేసే పనితోనే ఎదిగింది.

మనకు అసలు కావాల్సిన ముక్క ఆ తర్వాత వస్తుంది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది, దానికి మొదటి అధ్యక్షురాలు ఆమే. ఊళ్లలో పనిచేయడానికి నర్సులు, మంత్రసానులు, టీచర్లు, గ్రామసేవికలు కావాలి. శిక్షణలో చేర్చుకుందామంటే కనీస చదువున్న ఆడవాళ్లు దొరకడంలేదు. అప్పటికి కొన్నేళ్ల ముందే, 1946లో, భోర్ కమిటీ నివేదిక దేశం మొత్తానికి సుమారు 7,000 మంది నర్సులే ఉన్నారని, అంటే 43,000 మందికి ఒక్క నర్సు అని తేల్చింది. అందుకని 1958లో బోర్డు పెద్దవయసు ఆడవాళ్ల కోసం 'కండెన్స్‌డ్ కోర్సులు' మొదలుపెట్టింది. చదువు మధ్యలో మానేసినవాళ్లను, వితంతువులను, భర్త వదిలేసినవాళ్లను రెండేళ్లపాటు చదివించి పరీక్ష రాయించి, నర్సింగ్ లాంటి శిక్షణలకు అర్హులను చేయడం దాని పని. అంటే ఈ దేశంలో నర్సింగ్ వృత్తిని పెంచాలనుకున్నవాళ్లు "చదువు మానేసిన ఆడమనిషి తిరిగొస్తుంది" అని ముందే లెక్కేసుకున్నారు. ఆమె పేరుమీద ఉన్న ఆసుపత్రి మనకు దూరమేం కాదు, విద్యానగర్‌లోనే ఉంది.

రెండోది మన సొంత చరిత్ర. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక, నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి చూడమని హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటికి బడి అంటే తెలిసిన గోండులే చాలా తక్కువ. అందుకే అంతంతమాత్రం అక్షరాలు వచ్చిన పెద్దవాళ్లను కూర్చోబెట్టి, గోండి వాచకాలు తయారుచేసి, వాళ్లనే టీచర్లను చేశారు. పెద్దవాళ్లు పలక పట్టారని అప్పుడూ నవ్వినవాళ్లు ఉండే ఉంటారు. కానీ పిల్లలకు గోండిలో పాఠం చెప్పింది ఆ పలక పట్టినవాళ్లే.

నర్సింగ్‌లోనూ మనకు ఇదే లోటు. లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 5,000 మందికి, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలి. బిల్డింగ్ కట్టగానే సరిపోదు. నొప్పులతో వచ్చిన బాలింతకు, జ్వరంతో వచ్చిన ముసలవ్వకు లంబాడీలోనో, కోయలోనో, గోండిలోనో "ఎక్కడ నొప్పి?" అని అడిగే మనిషి కావాలి. ఆ మనిషి మనలోంచి రావాలి తప్ప వేరే దారి లేదు.

ఇక నిర్ణయం సంగతి. చరిత్ర ధైర్యం ఇస్తుంది గానీ ఫీజు కట్టదు. అందుకని మూడు విషయాలు చూసుకోండి.

ఒకటి, గుర్తింపు. ఆరు నెలల్లో నర్సు, ఏడాదిలో నర్సు అనే సర్టిఫికెట్లతో నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ లేకపోతే స్టాఫ్ నర్సు ఉద్యోగం లేదు. ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఇవి దూరవిద్యలో అయ్యే చదువులు కావు, వార్డులో నిలబడి నేర్చుకోవాల్సిందే. కాలేజీ పేరు కౌన్సిల్ జాబితాలో చూశాకే డబ్బు కట్టండి.

రెండు, మీరు ఏ మెట్టు మీద ఉన్నారు? ఇంటర్ లేనివాళ్లకు ఓపెన్ స్కూల్ ఉంది. బీఎస్సీ నర్సింగ్‌కు మాత్రం ఇంటర్‌లో బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. జీఎన్ఎంకు గరిష్ఠ వయసు 35 ఏళ్లు, కానీ ఏఎన్ఎం చేసినవాళ్లకు ఆ పరిమితి లేదని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనే చెబుతోంది. జీఎన్ఎం తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయొచ్చు. అంటే చేసిన ఏఎన్ఎం వృథా పోదు. 2022లో జీవో 33తో రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది, ఆ సీట్ల కోసం అప్లై చేయకుండా ముందే ప్రైవేటుకు పరుగెత్తొద్దు.

మూడు, ఇల్లు. మూడేళ్లు జీతం రాదు, నైట్ డ్యూటీలు ఉంటాయి, పిల్లల్ని ఎవరో ఒకరు చూసుకోవాలి. ఇది దాచిపెట్టి చేరితే మధ్యలో మళ్లీ ఆగిపోతుంది. అత్తమ్మతో, భర్తతో, అమ్మానాన్నలతో లెక్కంతా కాగితం మీద రాసి మాట్లాడండి. కుదరదని తేలితే ఈ ఏడాది ఆగడం తప్పేం కాదు. సిగ్గుతో మాత్రం ఆగొద్దు.

కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్న జాగా మనందరికీ తెలుసు. దేవరకొండ, నల్గొండ వైపు నుంచి బస్సు దిగి ఆ రోడ్డు మీదుగా ఎన్నిసార్లు పోలేదు! 2022 ఏప్రిల్‌లో అక్కడ 1,000 పడకల టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. అన్ని పడకలకు నర్సులు కావాలి. వాళ్లలో మన తండాల, గూడేల ఆడబిడ్డలు ఎంతమంది ఉంటారన్నది ఇప్పుడు ఈ గదుల్లో తీసుకునే నిర్ణయాల మీదే ఉంది. చదువు ముందే పూర్తిచేసిన మనం కూడా ఊరుకోకూడదు. ఏ అక్కయినా సర్టిఫికెట్లు పట్టుకొని అడిగితే, పక్కన కూర్చొని కాలేజీల జాబితా సరిచూసి, అప్లికేషన్ నింపిపెట్టాలి. అంతమాత్రం మన చేతిలో పనే.