ఉఖైర్ ఒప్పందం, ఎడారి దాడుల తగవు
నెజ్ద్ సుల్తాను ఇబ్న్ సౌద్ రాజ్యానికి ఇరాక్, కువైట్‌లతో ఉన్న హద్దులను 1922 డిసెంబరు 2న ఉఖైర్ రేవులో ఖరారు చేశారు. గీత గీసింది ఇరాక్‌లోని బ్రిటిష్ హైకమిషనర్ సర్ పెర్సీ కాక్స్. ఏ తెగ ఏ బావుల దగ్గర మందలు మేపుకుంటుందో దాన్నిబట్టే హద్దు ఉండాలని ఇబ్న్ సౌద్ పట్టుబట్టినా కాక్స్ ఒప్పుకోలేదు. కువైట్ షేక్‌ను సంప్రదించకుండానే ఆయన నేలలో పెద్ద వంతు నెజ్ద్‌కు ఇచ్చేశారు. ఇది ముమ్మాటికీ అన్యాయం. ఉమ్మడి మేతకు రెండు తటస్థ మండలాలు మిగిలాయి.

అయినా సరిహద్దు దాటి తెగలు చేసే దాడులు ఆగలేదు.

దోచుకుపోయిన ఒంటెల లెక్క తేల్చడం దౌత్యవేత్తల పనైంది. 1925 నవంబరు 1న బహ్రాలో ఇరాక్ తరఫున, మర్నాడు హద్దాలో ట్రాన్స్‌జోర్డాన్ తరఫున బ్రిటిష్ ప్రతినిధి గిల్బర్ట్ క్లేటన్ ఇబ్న్ సౌద్‌తో కుదిర్చిన ఒప్పందాలు తెగల దాడిని దురాక్రమణగా ప్రకటించాయి. నష్టాన్ని, బాధ్యతను నిర్ణయించడానికి ఇరుపక్షాల ప్రతినిధులతో న్యాయమండలి వేయాలన్నాయి.

అసలు చిక్కు నీళ్ల దగ్గరే. సరిహద్దు చేరువ బావులను సైనిక అవసరాలకు వాడరాదని ఉఖైర్ ఒప్పందపు మూడో అధికరణం చెబుతోంది. 1927లో ఇరాక్ బుసయ్యా బావుల వద్ద పోలీసు ఠాణా కట్టసాగింది. అది సరిహద్దుకు దూరమని బ్రిటన్ వాదన. నవంబరులో నెజ్ద్‌కు చెందిన ముతైర్ తెగ యోధులు అక్కడున్నవారిని చంపారు. దానికి ప్రతిగా బ్రిటిష్ విమానాలు ఎడారిపై బాంబులు కురిపించాయి. చివరికి 1930 ఫిబ్రవరిలో ఇబ్న్ సౌద్, ఇరాక్ రాజు ఫైసల్ బ్రిటిష్ యుద్ధనౌక లూపిన్‌పై ముఖాముఖి మాట్లాడుకున్నారు.